చుక్కల బొమ్మ ఎవరిది?

పిల్లలూ!

ఈ నెల మీకు కథ చెప్పను. మీకు ఒక తీర్పు చెప్పే పని అప్పగిస్తాను.

ఆకాశపు ఫొటోల పోటీ ఒకటి జరిగిందనుకోండి. న్యాయనిర్ణేతలు మీరే. మీ బల్లమీదికి రెండు బొమ్మలు వచ్చాయి.

మొదటి బొమ్మను మన గంపలగూడెం పిల్ల ఒకతె పంపింది. డాబామీద రెండు ఇటుకల మధ్య వాళ్ళ నాన్న ఫోను ఆనించి, రాత్రి పదకొండింటిదాకా మంచులో కూచుని తీసింది. బొమ్మలో పిల్లలకోడి, అంటే కృత్తికలు, ఆరేడు చుక్కలుగా కనిపిస్తున్నాయి. ఒక మూల కొబ్బరిమట్ట అడ్డం వచ్చింది. వీధిదీపం వెలుగు కింది అంచున పసుపుపచ్చగా పాకింది.

రెండో బొమ్మను అదే ఊరి పిల్లవాడు పంపాడు. అందులోనూ కృత్తికలే. కాని చుక్కల చుట్టూ నీలం రంగు పొగ సన్నని పట్టుదారాల్లాగా అల్లుకుని ఉన్నది. చూస్తే కళ్ళు చెదురుతాయి. అయితే ఆ బొమ్మ పడుతున్న వేళకు ఆ పిల్లవాడు దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడు. స్పెయిను దేశంలో ఒక కొండమీద ఉన్న దుర్భిణిని వాళ్ళ నాన్న గంటకు ఇంత అని అద్దెకు తీసుకున్నాడు. ఏ చుక్కల్ని తియ్యాలో, ఎంతసేపు తియ్యాలో పిల్లవాడు సాయంత్రమే కంప్యూటరులో రాసిపెట్టాడు. తెల్లవారేసరికి బొమ్మలు వచ్చి ఉన్నాయి.

బహుమతి ఒక్కటే. ఎవరికిస్తారు?

తొందరపడకండి. "బాగున్న బొమ్మకే బహుమతి" అని కొందరు అంటారు. "అద్దె దుర్భిణి మోసం, ఆ పిల్లవాణ్ణి పోటీనుంచి తీసెయ్యాలి" అని కొందరు అంటారు. ఈ రెండు తీర్పుల్లోనూ లోపం ఉన్నది. అది ఏమిటో తెలియాలంటే ముందు ఈ దూరపు దుర్భిణుల సంగతి కొంచెం తెలుసుకోవాలి.

కొండమీద కన్ను, ఊళ్ళో చెయ్యి

దుర్భిణి ఒకచోట, దాన్ని నడిపే మనిషి మరొకచోట ఉండటం కొత్త వింత కాదు. లడఖ్‌లో హాన్లే అనే చోట, సముద్రమట్టానికి సుమారు 4,500 మీటర్ల ఎత్తున, 2 మీటర్ల అద్దం ఉన్న దుర్భిణి ఒకటి ఉన్నది. దాని పేరు హిమాలయన్ చంద్ర టెలిస్కోపు. అక్కడ గాలి పలచన, చలి విపరీతం. అంచేత శాస్త్రజ్ఞులు బెంగుళూరు దగ్గర హోసకోటెలో కూచుని ఉపగ్రహం ద్వారా దాన్ని నడుపుతారు. కన్ను హిమాలయాల్లో, చెయ్యి కర్ణాటకలో అన్నమాట!

ఇలాంటివే కొన్ని చిన్న దుర్భిణులు ఇప్పుడు చిలీ, ఆస్ట్రేలియా, స్పెయిను, అమెరికా దేశాల ఎడారుల్లోనూ, కొండలమీదా అద్దెకు దొరుకుతున్నాయి. డబ్బు కట్టినవాడు ఇంట్లో కూచుని వాటిచేత ఫొటోలు తీయించుకోవచ్చు.

ఆ బొమ్మ అంత బాగా ఎందుకు వస్తుంది? మూడు కారణాలున్నాయి.

మొదటిది చీకటి. ఆ కొండలమీద వీధిదీపాలు లేవు. ఏడాదిలో ఎన్నో రాత్రులు మబ్బు ఉండదు. మనకైతే జూను నుంచి అక్టోబరుదాకా మబ్బులే గదా!

రెండోది భూమి తిరగటం. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. చంద్రబింబం వెడల్పు అర డిగ్రీ. అంటే రెండు నిమిషాల్లో చుక్క దాదాపు చంద్రుడంత దూరం జరిగిపోతుంది. కదలని ఫోనుతో పది పదిహేను సెకన్లకు మించి ఫొటో తీస్తే చుక్క గీతలాగా సాగుతుంది. ఆ కొండమీది దుర్భిణికి భూమికి ఎదురుగా, అదే వేగంతో తిప్పే మోటారు ఉన్నది. అందువల్ల అది ఒకే చుక్కను రాత్రంతా చూడగలదు.

మూడోది ఓపిక. ఇంటి చూరునుంచి కారే చుక్క కింద బిందె పెట్టారనుకోండి. ఒక్క చుక్కకు బిందె అడుగు కూడా తడవదు. తెల్లవార్లూ ఉంచితే బిందె నిండుతుంది. నీలం పొగనుంచి వచ్చే వెలుగు కూడా అంతే. ఫొటోలు ఎన్నో తీసి ఒకదానిమీద ఒకటి కలుపుతారు. నాలుగు కలిపితే బొమ్మలోని నలుసులు సగానికి తగ్గుతాయి. పదహారు కలిపితే నాలుగోవంతుకు తగ్గుతాయి. ఈ కలపటం, ఆపైన రంగులు తీర్చటం మనిషి చేసే పనే. అందుకు నేర్పు కావాలి.

కాబట్టి రెండో పిల్లవాడు ఏమీ చెయ్యలేదనటం న్యాయం కాదు. ఏది తియ్యాలో ఎంచుకున్నాడు. ఎంతసేపు తియ్యాలో లెక్క వేశాడు. ముడి ఫొటోలు కలిపి దిద్దాడు. అతను చెయ్యని పనులు కూడా ఉన్నాయి. దుర్భిణిని నిలబెట్టలేదు, గురి చూడలేదు, చలికి వణకలేదు, మబ్బు వస్తే నిరాశపడలేదు. ఆ పనులన్నీ ఎవరో జీతగాళ్ళూ, యంత్రాలూ చేశాయి.

ఇంకొందరు ఇంతకంటె తక్కువ చేస్తారు. ఎవరో తీసిన ముడి ఫొటోలు కొనుక్కుని కలుపుతారు. మరికొందరు కలిపే పని కూడా మరొకరిచేత చేయించి, కింద తమ పేరు మాత్రం రాసుకుంటారు. "తీసినది నేనే" అనే ఒక్కమాట కింద ఇన్ని మెట్లున్నాయి. ఏ మెట్టుమీద నిలబడ్డామో చెప్పకపోవటంలోనే చిక్కంతా ఉన్నది.

ఇతరుల దుర్భిణి వాడితే తప్పా?

తప్పు కాదు. తప్పయితే మనదేశపు ఖగోళశాస్త్రంలో గొప్ప పేరు ఒకటి ఉండేది కాదు.

వేణు బాపు తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసేవారు. బాపు హైదరాబాదు నిజాం కాలేజీలో చదువుకున్నాడు. హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థివేతనంతో 1949లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. వెళ్ళిన కొద్ది నెలలకే, జులై 2వ తేదీన, ఫొటో పలకమీద ఎవరికీ తెలియని తోకచుక్క ఒకటి ఆయన కంట పడింది. అప్పటికి ఆయనకు ఇరవైరెండేళ్ళు ఇంకా నిండలేదు!

ఆ దుర్భిణి బాపుది కాదు, హార్వర్డువారిది. దారిఖర్చు కూడా ఆయనది కాదు. అయినా "అద్దాలు మావి గదా, తోకచుక్క కూడా మాదే" అని హార్వర్డు అనలేదు. చూసిన కన్ను బాపుది. అది తోకచుక్కేనని తేల్చటంలో ఆయన గురువు బార్ట్ బాక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకర్క్ పాలు పంచుకున్నారు. అంచేత ఆ తోకచుక్కకు "బాపు-బాక్-న్యూకర్క్" అని మూడు పేర్లూ పెట్టారు. పసిఫిక్ ఖగోళ సంఘంవారు బాపుకు డోనహో పతకం ఇచ్చారు. ఆ కుర్రవాడే తరవాత 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. తమిళనాడులోని కావలూరులో ఉన్న పెద్ద దుర్భిణికి ఇప్పుడు ఆయన పేరే.

చూశారా? దుర్భిణి ఎవరిదన్నది ఎవరూ అడగలేదు. ఎవరు ఏ పని చేశారని అడిగారు. చేసిన ప్రతివాడి పేరూ చెప్పారు.

పోనీ, సొంత దుర్భిణి ఉన్నవాడిదే నిజమైన కష్టమందామా? విశాఖపట్టణంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840 ప్రాంతంలో సొంత వేధశాల కట్టుకున్నాడు. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదులుకుని ఆ వేధశాలను నడిపాడు. ఇద్దరూ గొప్పవారే, కష్టపడినవారే. కాని జమీ లేకపోతే ఆ దుర్భిణులు ఎక్కడినుంచి వచ్చేవి? సొంత దుర్భిణి వెనక కూడా డబ్బున్నది. ఈనాడు మోటారూ, కామెరా ఉన్న మంచి దుర్భిణికి లక్షల రూపాయలవుతుంది. దాన్ని కొనలేని తండ్రి ఒక గంట అద్దె ఇచ్చుకోగలడేమో! "అద్దెవాళ్ళు రావద్దు, కొన్నవాళ్ళే రండి" అంటే మనం డబ్బు తక్కువైనవాణ్ణి తరిమి, డబ్బు ఎక్కువైనవాణ్ణి లోపలికి పిలిచినట్టవుతుంది. అది న్యాయమా?

డబ్బుతోనే అంతా అవుతుందని కూడా అనుకోకండి. 1898 జనవరి 22వ తేదీన మనదేశంలో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఆనీ మాండర్ అనే ఆమె ఇంగ్లండునుంచి మహారాష్ట్రలోని తల్ని అనే ఊరికి వచ్చి దాన్ని ఫొటో తీసింది. ఆమె కామెరా కటకం వెడల్పు అంగుళంన్నర మాత్రమే. అది తానే ఆలోచించి కూర్పించుకున్నది. పెద్ద పెద్ద యంత్రాలతో వచ్చినవారికి పడని కిరణం ఒకటి, సూర్యబింబం వెడల్పుకు ఎన్నో రెట్లు పొడవైనది, ఆ చిన్న కటకానికి చిక్కింది!

మరి అన్యాయం ఎక్కడ?

బాపు తోకచుక్కను కనిపెట్టాడు, పోటీలో నెగ్గలేదు. ఈ రెండింటికీ తేడా ఉన్నది. కొత్త సంగతి కనిపెట్టటంలో మనకు ఎదురుగా ఉన్నది ప్రకృతి. ప్రకృతి ముందు ఎంత పెద్ద దుర్భిణి పట్టుకున్నా ఎవరికీ అన్యాయం జరగదు. పోటీలో మాత్రం మన పక్కన మరో పిల్ల నిలబడి ఉన్నది. ఆమెకూ మనకూ ఒకే కొలత ఉండాలి.

మన కృష్ణా, గుంటూరు సీమల్లో బండలాగుడు పందేలు మీరు చూసే ఉంటారు. పాలపళ్ళ గిత్తలకు ఒక పందెం, రెండు పళ్ళవాటికి ఒకటి, నాలుగు పళ్ళవాటికి ఒకటి, ఆరు పళ్ళవాటికి ఒకటి. గిత్త నోరు తెరిచి చూసి మరీ విడదీస్తారు. పాలపళ్ళ గిత్తల పక్కన ముదురు ఎడ్లను కట్టి, "ఏది ఎక్కువ లాగితే దానిదే బహుమతి" అంటే జనం ఊరుకుంటారా? ముదురు ఎడ్లు చేసిన తప్పేమీ లేదు. వాటికీ పందెం ఉన్నది. కాని వాటి పందెం వేరు.

ఫొటోల పోటీకీ ఇదే మార్గం. లండనులోని గ్రీనిచ్ వేధశాలవారు 2009లో ఆకాశపు ఫొటోల పోటీ మొదలుపెట్టారు. అది ఇప్పుడు ప్రపంచమంతటా ప్రసిద్ధి. పదహారేళ్ళలోపు పిల్లలకు వారు వేరే తరగతి పెట్టారు. కొన్నేళ్ళపాటు, దూరాన్నుంచి నడిపే దుర్భిణులతో తీసిన బొమ్మలకు ప్రత్యేక బహుమతి ఒకటి ఇచ్చారు. 2020లో, అందరికీ ఉచితంగా దొరికే ముడి ఫొటోలను కొత్త తీరులో దిద్దినవారికి మరొక బహుమతి పెట్టారు. దాని పేరు ఏమిటో తెలుసా? ఆనీ మాండర్ బహుమతి! అంగుళంన్నర కటకంతో మన గడ్డమీద గ్రహణాన్ని పట్టిన ఆమె పేరే.

అదే పోటీలో 2023లో మొదటి బహుమతి ఒక ఆండ్రొమెడా గెలాక్సీ బొమ్మకు వచ్చింది. ఆ గెలాక్సీ పక్కన పెద్ద నీలపు చాపం ఒకటి ఉన్నది. అంతకుముందు ఎవరూ దాన్ని గుర్తించలేదు. గుర్తించినవారు ముగ్గురు ఔత్సాహికులు: మార్సెల్ డ్రెక్‌స్లర్, జేవియర్ స్ట్రాట్నర్, యాన్ సెంటీ. ఫొటోలు తీసినది ఒకరు, వాటిని దిద్ది వెతికింది వేరొకరు. అయినా ఎవరూ ఎవరినీ దాచిపెట్టలేదు. ముగ్గురి పేర్లూ బొమ్మ కింద ఉన్నాయి. 1949లో తోకచుక్కకు మూడు పేర్లు పెట్టినట్టే!

బొమ్మ వెనక మూడు మాటలు

ఇప్పుడు తీర్పు మీకే తట్టి ఉంటుంది. ఆ ఇద్దరినీ ఒకే వరసలో నిలబెట్టటమే తప్పు. సొంత చేతులతో, సొంత ఊళ్ళో తీసిన బొమ్మలకు ఒక బహుమతి ఉండాలి. దూరపు దుర్భిణితో తీసినవాటికి వేరొకటి ఉండాలి. రెండు బహుమతులకు డబ్బు చాలకపోతే ఒకదాన్నే రెండు చిన్న పుస్తకాలుగా చేసి ఇవ్వవచ్చు.

దీనికి పిల్లలు చెయ్యవలసింది కూడా ఉన్నది. ప్రతి బొమ్మ వెనకా మూడు మాటలు రాయాలి. ఎక్కడ తీసినది? దేనితో తీసినది? ఏ పని ఎవరు చేశారు? "స్పెయినులో ఉన్న అద్దె దుర్భిణితో తీయించాను, చుక్కల్ని ఎంచినదీ, బొమ్మలు కలిపినదీ నేను, రంగులు దిద్దటంలో మా అన్నయ్య సాయం చేశాడు." ఇంతే! ఇందులో సిగ్గుపడవలసింది ఒక్కటీ లేదు. ఇవే మాటలు దాచిపెడితే మాత్రం అదే బొమ్మ అబద్ధమైపోతుంది.

దాచిపెట్టినా ఆకాశం ఊరుకోదు సుమా! మన గంపలగూడెం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. దక్షిణాకాశంలో "పెద్ద మాజిలాన్ మేఘం" అనే చిన్న గెలాక్సీ ఒకటి ఉన్నది. అది మన ఊళ్ళో దిగంతానికి నాలుగు డిగ్రీలకంటె పైకి లేవదు. ఆ ఎత్తున చెట్లూ, దుమ్మూ, మసకా తప్ప మరేమీ కనిపించదు. దాన్ని నిగనిగలాడేట్టు తీసి "మా డాబామీద తీశాను" అని ఎవరైనా అంటే, తెలిసినవాడు చిన్నగా నవ్వుకుంటాడు. అదే బొమ్మ వెనక "చిలీలో తీయించాను" అని రాస్తే, "మన ఊరికి కనపడనిదాన్ని మనకు చూపించాడు" అని అందరూ సంతోషిస్తారు. బొమ్మ ఒక్కటే, మాట మారితే విలువ మారుతుంది.

పేరు పంచుకోవటానికి మంచి ఉదాహరణ మన కృష్ణ అవతలి ఒడ్డునే ఉన్నది. 1868 ఆగస్టు 18వ తేదీన గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. మేజర్ టెన్నెంట్ అనే ఆయన అక్కడ దుర్భిణి నిలబెట్టి ఫొటోలు తీశాడు. అదే ఊళ్ళో ఉన్న జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సూర్యుడి అంచున లేచే మంటలను పరీక్షించి, గ్రహణం లేనప్పుడు కూడా వాటిని చూసే ఉపాయం కనిపెట్టాడు. రెండు నెలల తరవాత లాక్యర్ అనే ఆయన గుంటూరు మాట తెలియకుండానే ఇంగ్లండులో అదే ఉపాయం కనిపెట్టాడు. ఇద్దరి సంగతీ పారిస్‌లోని శాస్త్ర అకాడమీ ముందుకు ఒకేరోజు వచ్చింది. "నేను ముందంటే నేను ముందు" అనే తగాదా రావలసిన చోట, ఫ్రాన్సు ప్రభుత్వం ఒక పతకం పోయించి, ఇద్దరి ముఖాలూ పక్కపక్కన దానిమీద చెక్కించింది. ఇద్దరూ జీవితాంతం స్నేహితులుగా ఉండిపోయారు.

పెద్దలకు ఒక మాట

తల్లిదండ్రులారా! మీ పిల్లవాడికి దూరపు దుర్భిణి అద్దెకు తీసి ఇవ్వటం మంచిదే. కాని దానికి ముందు ఒక్క రాత్రి వాడితో కూడా డాబా ఎక్కండి. పిల్లలకోడి ఎక్కడున్నదో వాడిచేత వేలు పెట్టి చూపించండి. బహుమతి పొందిన బొమ్మ గోడకు వేలాడుతూ, ఆ చుక్కలు నెత్తిన ఉన్నా వాడు గుర్తుపట్టలేకపోతే, మీరు డబ్బు పెట్టి కొన్నది చదువు కాదు, పటం మాత్రమే.

పోటీలు పెట్టే మాస్టర్లారా! కొబ్బరిమట్ట అడ్డం వచ్చిన ఆ మొదటి బొమ్మను పక్కకు తోసేముందు ఒక్క క్షణం ఆలోచించండి. ఆ పిల్ల ఓడిపోతే తన బొమ్మ బాగాలేదని మాత్రమే అనుకోదు. "ఆకాశం డబ్బున్నవాళ్ళది" అనుకుంటుంది. మర్నాడు ఇటుకలు తీసి మూలపెడుతుంది. ఇక డాబా ఎక్కదు. పోటీ పెట్టింది పిల్లలు ఆకాశం చూడాలనే గదా! మన పోటీయే ఒక పిల్ల తల దించేస్తే ఇక అది దేనికి?

డబ్బు లేనివారికి కూడా దూరపు దుర్భిణి అందే దారులున్నాయి. బాపు చదివిన హార్వర్డులోనే, బడిపిల్లల కోసం మైక్రోఅబ్జర్వేటరీ అనే చిన్న దుర్భిణులను ఏర్పాటు చేశారు. రుసుము లేకుండానే కోరిన బొమ్మ తీసి పంపే ఏర్పాటది. హవాయి దీవుల్లోని పాన్‌స్టార్స్ దుర్భిణి తీసిన ఫొటోలను బడులకు పంచి, అందులో కొత్త గ్రహశకలాలను వెతికించే అంతర్జాతీయ కార్యక్రమం కూడా ఉన్నది. మనదేశపు బడిపిల్లలు వందలాదిగా అందులో పాల్గొన్నారు. దుర్భిణి ఎవరిదీ కాదు, ఫొటోలు అందరికీ ఒక్కటే. తేడా చూసే కంటిలోనే. ఇంతకంటె సమానమైన పోటీ ఏముంటుంది?

ఈ నెల మీ పని

ఉత్తరం వైపు తిరగండి. నేలకు 17 డిగ్రీల ఎత్తున ధ్రువుడు ఉంటాడు. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. అంటే ఒకటిన్నర పిడికిలి ఎత్తుకు కాస్త పైన వెతకాలి. దీపాలు తక్కువగా ఉన్నచోట ఫోనును ఇటుకల మధ్య కదలకుండా పెట్టి, పది సెకన్ల ఫొటోలు వరసగా గంటసేపు తియ్యండి. కట్టలేరు గట్టుకు పోతే మాత్రం పెద్దవాళ్ళను వెంటబెట్టుకు వెళ్ళండి. తరవాత ఆ ఫొటోలన్నీ కంప్యూటరులో కలిపితే, ధ్రువుడి చుట్టూ ప్రతి చుక్కా 15 డిగ్రీల గీత గీస్తుంది. కొలబద్దతో కొలిచి చూడండి. అది భూమి తిరిగిన గుర్తు! మీ చేతులతో మీరు పట్టినది.

బొమ్మ వెనక మూడు మాటలు రాయటం మరిచిపోకండి. ఎక్కడ, దేనితో, ఎవరు? ఫోను నాన్నదైతే నాన్న పేరు, ఇటుకలు మోసిన తమ్ముడి పేరు కూడా రాయండి.

ఆ ఇద్దరి బొమ్మలకూ మీరైతే ఏమి తీర్పు చెబుతారో, ఎందుకో, పది వాక్యాల్లో రాసి మీ మాస్టారికి చూపించండి. ఆయన ఒప్పుకోకపోతే వాదించండి. తప్పులేదు. మర్యాదగా వాదించండి.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.